పేరుకు ముందు తగిలించిన మాట: కృష్ణా మెట్టలో ఎరుకలవారు, క్రైస్తవ బోధ

మా కులం పేరు ఎరుకల. ఆ పేరుకు ముందు "దొంగ" అనే మాట ఎప్పుడు వచ్చి చేరిందో మా పిల్లలకు తెలియదు. పెద్దల్లో కూడా చాలామందికి తెలియదు. అది మొదటి నుంచీ ఉన్నదేననుకుంటారు. వేపకు చేదు ఎలాగో మాకు ఆ మాట అలాగని లోకం అనుకుంది. లోకం అన్నది విని విని మాలోనూ కొందరు నమ్మారు. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పల్లెల్లో బుట్టలు అల్లుకుని, పందులు మేపుకుని, కూలికి పోయి బతికే ఇళ్లలో ఇప్పటికీ కొన్ని మాటలు వినిపిస్తాయి. "మన బతుకింతే." "చదువు మనకు అచ్చిరాదు." "మనం ఎంత మంచిగా ఉన్నా మనల్ని నమ్మేదెవరు?" ఈ మాటలు పుట్టుకతో వచ్చినవి కావు. వీటికి ఒక చరిత్ర ఉంది. తేదీలున్నాయి, చట్టాలున్నాయి, రిజిస్టర్లున్నాయి.

ఈ వ్యాసంలో రెండు సంగతులు చెప్పదలచుకున్నాం. ఒకటి, ఆ మాట మా మీదికి ఎలా వచ్చిందన్నది. రెండు, దాన్ని వదిలించుకోవడానికి క్రైస్తవ బోధ ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదన్నది. మాలో క్రైస్తవులున్నారు, నాంచారమ్మను కొలిచేవారున్నారు, రెండూ పట్టనివారూ ఉన్నారు. ఎవరి నమ్మకాన్నీ ఎక్కువ చేయడానికో తక్కువ చేయడానికో ఇది రాయడం లేదు. జరిగినదాన్ని జరిగినట్టు చూస్తే మన పిల్లలకు ఏం చెప్పాలో తెలుస్తుందని రాస్తున్నాం.

ఉప్పు బాట

బందరు నుంచి హైదరాబాదు పోయే పెద్ద బాట నందిగామ, జగ్గయ్యపేటల మీదుగానే పోతుంది. ఇప్పుడది జాతీయ రహదారి. లారీలూ బస్సులూ రాకముందు, రైలు రాకముందు, సరుకు నడిచింది ఎడ్ల మీద, గాడిదల మీద. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పు లోపలి ఊళ్లకు పోవాలి. లోపల పండిన జొన్నలు, చింతపండు, మిరపకాయలు కిందికి రావాలి. ఈ బరువు మోసినవారిలో లంబాడాలు పెద్ద బిడారులతో నడిస్తే, ఎరుకలవారు చిన్న చిన్న గుంపులుగా నడిచారు. మాలో "ఉప్పు ఎరుకల" అనే శాఖ పేరు అక్కడిదే. వెదురు దబ్బలు చీల్చి అల్లేవారు దబ్బ ఎరుకల. సాలెవారికి కుంచెలు కట్టి ఇచ్చేవారు కుంచె ఎరుకల. కరివేపాకు అమ్మేవారు కరివేపాకు ఎరుకల. మా ఆడవాళ్లు గద్దె బుట్ట పట్టుకుని ఇంటింటికీ పోయి ఎరుక చెప్పేవారు. ఈ పేర్లన్నీ చేసే పనులను బట్టి, అమ్మే సరుకును బట్టి వచ్చినవి. "దొంగ ఎరుకల" అన్న పేరు మాత్రం మేము పెట్టుకున్నది కాదు, బయటివారు పెట్టింది.

మరి ఆ బతుకు ఎలా పోయింది? ఒక్క దెబ్బకు పోలేదు. 1876-78 కరువులో మనుషులతో పాటు పశువులూ పోయాయి. సరుకు మోసే ఎద్దు చస్తే బేరగాడి కాళ్లు విరిగినట్టే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా అడవికి పోయి నరుక్కొచ్చుకున్న వెదురు, కోసుకున్న ఆకు, పశువులు మేసిన బీడు ఒక్కొక్కటే సర్కారు రిజర్వు కిందికి పోయాయి. 1889 నాటికి నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. రోజుల తరబడి ఎడ్లు మోసుకుపోయే సరుకు రైలు పెట్టెల్లో తెల్లారేసరికి దిగిపోయే కాలం వచ్చింది. ఉప్పు మీద సర్కారు అజమాయిషీ, పన్ను సరేసరి. పదిహేనేళ్లు తిరక్కుండానే తరతరాల బేరం చేయి జారిపోయింది.

పని పోయిన మనిషి ఊరూరా తిరుగుతుంటే ఊరు అనుమానంగా చూస్తుంది. అలా తిరిగినవారిలో కొందరు నిజంగానే దొంగతనానికి దిగారు. ఆ సంగతి దాచం. అయితే ఆకలికి ఒక మనిషి చేసిన పని వేరు, ఒక కులానికి పుట్టుకతో వచ్చే గుణం వేరు. ఈ రెంటినీ ఒకటి చేసి చూపించిందే తరువాత వచ్చిన చట్టం.

పేర్లు లేని చెంచులు

చట్టం దగ్గరికి పోయేముందు మన ఊరి కథ ఒకటి చెప్పుకోవాలి. జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద పేట కట్టించాడు గనుక జగ్గయ్యపేట అయింది. ఈ సంగతి ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. అదే జమీందారు గురించి కృష్ణకు అటూ ఇటూ చెప్పుకునే కథ మరొకటి ఉంది. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిచి, వచ్చినవారిని వచ్చినట్టు తలలు నరికించాడట. అమరావతి దగ్గర నరుకుళ్లపాడు అనే ఊరికి ఆ పేరు అలాగే వచ్చిందట. ఆ తరువాత ఆయన విస్తరి ముందు కూర్చుంటే అన్నం మెతుకులు పురుగులై కనిపించేవట. ఆ పాపం పోగొట్టుకోవడానికే గుళ్లు కట్టించాడట, దానధర్మాలు చేశాడట.

ఇది జనం నోట బతికిన కథ. తెగిన తలలు ఎన్ని అన్నది చెప్పేవారిని బట్టి మారుతుంది. మేము గమనించేది మాత్రం వేరే సంగతి. ఈ కథలో పశ్చాత్తాపం దొరది. ప్రాయశ్చిత్తం దొరది. గుళ్లకున్న పేరూ దొరదే. చనిపోయిన చెంచుల్లో ఒక్కరి పేరు కూడా కథలో లేదు. వాళ్లలో ఎవరు దోచారు, ఎవరు దోచలేదు అన్న విచారణ లేదు. చెంచు అయితే చాలు. అంటే ఇంగ్లీషువారు చట్టం చేయకముందే కులం పేరు చూసి నేరం అంటగట్టే అలవాటు మన నేల మీద ఉంది. ఇంగ్లీషువారు ఆ అలవాటుకు కాగితం, సీలు, వేలిముద్ర జోడించారు.

పట్టీలోకి ఎక్కిన పుట్టుక

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. మద్రాసు రాజధానికి అది వెంటనే రాలేదు గానీ, దాని వెనకున్న ఆలోచన ముందే వచ్చింది. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని "నేరస్థ తరగతుల" మీద పుస్తకమే వేశాడు. 1911 చట్టంతో ఆ ఏర్పాటు మద్రాసుకూ వర్తించింది. 1924లో దాన్ని మళ్లీ కూర్చి కొత్త చట్టంగా తెచ్చారు.

ఆ చట్టం పనిచేసే తీరు తెలుసుకోవాలి. సర్కారు ఒక తెగను నేరస్థ తెగ అని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన తప్పని కోర్టులో వాదించే వీలు లేదు. ప్రకటించిన తెగవారి పేర్లు రిజిస్టరులోకి ఎక్కుతాయి, వేలిముద్రలు పడతాయి. పేరు ఎక్కినవాడు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చెప్పిపోవాలి, పాసు ఉండాలి. నేరం రుజువైతే రెండోసారికి, మూడోసారికి మామూలు మనిషికంటే పెద్ద శిక్ష. అవసరమనుకుంటే మొత్తం కుటుంబాలను సెటిల్‌మెంటుకు తరలించవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో ఉంచవచ్చు.

తిరిగి బతికేవాడికి హాజరు అంటే ఏమిటో ఆలోచించండి. సంత ఇరవై మైళ్ల దూరాన ఉంటుంది. చాటలు, తట్టలు అమ్ముకుని రాత్రికి తిరిగి రాలేడు. రాకపోతే నేరం. వస్తే ఆకలి. నిజాయితీగా బతికే దారిని మూసేసి, నిజాయితీగా బతకడం లేదని శిక్షించిన చట్టం అది.

అంతకంటే లోతైన దెబ్బ మనసు మీద పడింది. తండ్రి హాజరుకు పోతుంటే కొడుకు చూస్తాడు. తండ్రి ఏ తప్పూ చేయలేదని కొడుక్కి తెలుసు. అయినా పోవాలి. ఎందుకు పోవాలని అడిగితే ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేరు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు చివరికి తనకు తానే జవాబు చెప్పుకుంటాడు: "మనలోనే ఏదో ఉంది." తప్పు చేశాను అన్నది ఒక మాట. నేనే తప్పు అన్నది ఇంకొక మాట. మొదటిదాన్ని దిద్దుకోవచ్చు. రెండోదాన్ని నమ్మినవాడు దిద్దుకోవడానికి ప్రయత్నించడు. ఎందుకంటే దిద్దుకునేందుకు అతని లెక్కలో ఏమీ మిగలదు.

రాఘవాపురం పెద్దమనిషి

మద్రాసుకు ఆ చట్టం రావడానికి యాభై ఏళ్ల ముందు మన మెట్టలోనే వేరొక సంగతి జరిగింది. అది ఎరుకలవారి కథ కాదు, మాలవారి కథ. కానీ మనం చెప్పుకోబోయేదానికి అది కావాలి.

చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఫాక్స్, నోబుల్ అనే ఇద్దరు 1841లో బందరు వచ్చారు. నోబుల్ 1843లో బందరులో బడి పెట్టాడు. అది పెద్ద కులాల పిల్లల కోసం పెట్టిన బడి. పైవారు మారితే కిందివారు తామే మారతారని ఆనాటి లెక్క. జరిగింది దానికి తలకిందులు. నందిగామ ప్రాంతంలోని రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాల పెద్దమనిషి ఉండేవాడు. మొక్కే విగ్రహాల్లో దేవుడు లేడన్న మాట ఎవరో అనగా ఆయన చెవిన పడిందట. అప్పటి నుంచి కొన్నేళ్లపాటు, తనకు పేరు కూడా తెలియని దేవుణ్ణి, నువ్వెవరివి, ఎక్కడున్నావు, నాకు కనబడు అని తన మాటల్లో తానే అడుగుతూ వచ్చాడని సంఘ చరిత్రలో చెబుతారు. 1859లో ఆయన బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. అక్కడి నుంచి ఆ మాట రాఘవాపురానికీ, చుట్టుపక్కల మాలపల్లెలకూ పాకింది. మిషనరీలు అనుకోని చోట, అనుకోని మనుషుల వల్ల సంఘం పుట్టింది.

ఈ కథలో మేము చూడమని అడిగేది ఒక్కటే. వెంకయ్యను ఎవరూ పట్టీలో రాయలేదు. నువ్వు చెడ్డవాడివి, బాగుపడు అని ఎవరూ తోలుకు పోలేదు. ప్రశ్న ఆయనది. వెతుకులాట ఆయనది. జవాబు దొరికిందనుకున్నప్పుడు ఊరికి తీసుకుపోయిందీ ఆయనే. ఊరి చివర ఉంచిన కులంలో పుట్టిన మనిషి, దేవుడు తన మాట వింటాడని నమ్మి నేరుగా అడిగాడు. అంటరానివాడివని లోకం చెప్పిన మాటను ఆయన ముందే లోపల కొట్టేసుకున్నాడన్నమాట. బాప్తిస్మం తరువాత వచ్చింది.

తరువాతి కాలంలో అజరయ్య గారు ఈ పనిని పల్లెల్లో గట్టిగా నిలబెట్టారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1912 డిసెంబరులో బిషప్పు అయి దోర్నకల్ నుంచి పనిచేశారు. కృష్ణా జిల్లా సంఘాలు కూడా తరువాత ఆయన డయాసిస్‌లోకి వచ్చాయి. పల్లెల్లో సంఘంలో చేరేవారు తాగుడు మానాలని, పిల్లలకు అక్షరాలు రావాలని, ఎంత పేదవారైనా సంఘానికి ఎంతో కొంత తామే ఇవ్వాలని ఆయన పట్టు. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి పక్కన పెట్టే అలవాటు తెలుగు పల్లె సంఘాల్లో అందరికీ తెలిసిందే. ఆ పిడికెడు బియ్యం విలువ చాలా తక్కువే. కానీ తీసుకునేవారే తప్ప ఇచ్చేవారు కారని ముద్రపడ్డ మనుషులు ఇచ్చేవారయ్యారు. చేయి చాపే మనిషికీ చేయి విప్పే మనిషికీ లోపల ఉన్న తేడా అక్కడ తెలిసింది.

కంచె లోపల ప్రార్థన

ఇప్పుడు మా కథలోకి వద్దాం. ముక్తి ఫౌజు అని మనవారు పిలిచే సాల్వేషన్ ఆర్మీని 1882లో ఇండియాకు తెచ్చినవాడు ఫ్రెడరిక్ బూత్ టకర్. సివిల్ సర్వీసు ఉద్యోగం వదులుకుని వచ్చిన ఇంగ్లీషువాడు. కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా నడిచి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. నేరస్థులని ముద్రపడ్డ తెగల కోసం ఆ సంస్థ 1908లో గోరఖ్‌పూర్‌లో పని మొదలుపెట్టింది. 1911 చట్టం తరువాత మద్రాసు సర్కారు ఇక్కడ కూడా సెటిల్‌మెంట్లు నడిపే పని వారికి అప్పగించింది. మన జిల్లా గడప దాటగానే, బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న సీతానగరం వాటిలో ఒకటి. బాపట్ల, చీరాల మధ్య 1913 ప్రాంతంలో వెలిసిన స్టువర్టుపురం మరొకటి. అప్పటి మద్రాసు సర్కారులో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున బాడెన్ అనే మిషనరీ మరో సెటిల్‌మెంటు నడిపాడు.

ఈ మనుషులకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. ఎరుకలవాడు మారడు, రక్తంలోనే ఉందని చాలామంది అంటున్న రోజుల్లో, మారతాడు అని వీళ్లు అన్నారు. మాతో పాటు ఉన్నారు. మా పిల్లల చేత పలక పట్టించారు. స్టువర్టుపురంలో సాగుకు భూమి చూపించారు. మా వాళ్లలో ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, నర్సులు అయినవారి ఇళ్లలో మొదటి చదువు ఎక్కడిదని అడిగితే సెటిల్‌మెంటు బడి పేరు వినిపించే ఇళ్లున్నాయి. ఇది కాదనలేని మేలు.

కానీ ఆ బడి చుట్టూ కంచె ఉంది. ప్రార్థనకు గంట కొట్టినట్టే హాజరుకూ గంట కొట్టారు. పాస్టరు గారే మేనేజరు, బోధించేవాడే పాసు ఇచ్చేవాడు. పాసు ఇచ్చేవాడి ముందు మోకరించిన మనిషి దేవుడి ముందు మోకరించాడా, పాసు ముందు మోకరించాడా అన్నది ఎవరు తేల్చగలరు? పిల్లలను అమ్మానాన్నల నుంచి దూరంగా హాస్టళ్లలో పెట్టారు. తల్లిదండ్రుల నీడ పడితే చెడిపోతారని దాని అర్థం. తల్లి నీడే చెడ్డదని నేర్చుకున్న బిడ్డ తనను తాను మంచిదని ఎలా అనుకుంటుంది? పెద్దవాళ్లను పనిలో పెట్టారు. సీతానగరంలో రాళ్లు కొట్టారు. స్టువర్టుపురం నుంచి చీరాల పొగాకు కంపెనీకి కూలికి పోయారు. పని నేర్పడం మంచిదే. కానీ పని వద్దని వెళ్లిపోయే హక్కు లేని కూలి ఎక్కడున్నా యజమానికి చవక.

ఇక్కడే మేము గట్టిగా చెప్పదలచుకున్న మాట ఉంది. క్రైస్తవ బోధ మూలం ఏమిటి? పాపం ఒక కులానిది కాదు, మనుషులందరిదీ. మాలవాడిదీ, బ్రాహ్మణుడిదీ, కలెక్టరుదీ, పాస్టరుదీ. కొత్తగా మొదలుపెట్టే తలుపు కూడా అందరికీ ఒకటే. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మూలం ఏమిటి? నేరం కొన్ని కులాలది. పుట్టుకతో వస్తుంది, బిడ్డకూ అంటుతుంది. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. బోధ నిజమైతే పట్టీ తప్పు. పట్టీ నిజమైతే బోధ తప్పు. సెటిల్‌మెంటు ఈ రెంటినీ ఒకే గోడల మధ్య నడపాలని చూసింది. ఆదివారం నువ్వు కొత్త మనిషివి అని చెప్పింది, సోమవారం పాత పట్టీలో పేరు పిలిచింది. మా తాతలకు ఆ బోధ సగమే అందింది. ఆ మిగతా సగాన్ని ఆపింది వాళ్ల మొండితనం కాదు, ఆ పట్టీ.

రాఘవాపురానికీ స్టువర్టుపురానికీ తేడా ఇదే. బోధ ఒక్కటే, పుస్తకం ఒక్కటే. ఒకచోట మనిషి తన కాళ్ల మీద నడిచి వచ్చాడు. ఇంకొకచోట మనిషిని తోలుకొచ్చారు.

పట్టీ చిరిగిన తరువాత

ఈ చట్టం దానంతటదే పోలేదు. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ దాన్ని బహిరంగంగా తప్పుబట్టారు. నెల్లూరు జిల్లా యానాదుల మధ్య జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు దాని రద్దు కోసం పోరాడారు. 1947లో మద్రాసు సర్కారు దాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ తేదీని విముక్త జాతులవారు పండుగలా జరుపుకుంటారు. అయితే మద్రాసులో 1948లోనే అలవాటుపడ్డ నేరస్థుల చట్టం అని వేరొకటి వచ్చింది. అది కులం పేరు ఎత్తదు, మనిషి పేరు ఎత్తుతుంది. కానీ పోలీసుల కళ్లకు అలవాటైన దారి అంత తొందరగా మారలేదు.

ఆ తరువాత స్టువర్టుపురంలో పనిచేసినవారిలో హేమలత లవణం గారిని తలుచుకోకుండా ఈ చరిత్ర పూర్తికాదు. ఆమె మహాకవి జాషువా కూతురు. అంటే క్రైస్తవ ఇంట పుట్టి అంటరానితనం సంగతి ఇంట్లోనే తెలిసిన మనిషి. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కొడుకు లవణం గారిని పెళ్లాడారు. ఆ దంపతులు 1970ల నుంచి స్టువర్టుపురం వెళ్లి, కేసుల్లో ఉన్నవారితో, వారి ఇల్లాళ్లతో కూర్చుని మాట్లాడి, సంస్కార్ అనే సంస్థ ద్వారా పనిచేశారు. ఒకరు చర్చి నీడన పెరిగినవారు, ఇంకొకరు దేవుడు లేడన్న ఇంట పెరిగినవారు. ఇద్దరూ ఒకే పని చేశారు. ఎదుటివాణ్ణి ముందు మనిషిగా లెక్కపెట్టారు, ఆ తరువాతే అతను చేసిన పని గురించి అడిగారు. వీరి వెనుక చట్టమూ లేదు, కంచే లేదు. మాట వినడం, వినకపోవడం ఎదుటివాడి ఇష్టం. రాఘవాపురంలో ఫలించిన సూత్రం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

మనం ఏం ఉంచుకోవాలి, ఏం వదలాలి

ఈ చరిత్ర నుంచి మనకు మిగిలే పాఠాలను బడి పిల్లలకు చెప్పినంత సూటిగా చెబుతాం.

ఉంచుకోవలసినవి మూడు. మొదటిది, తప్పును తప్పుగా ఒప్పుకునే పద్ధతి. అది కూడా చేసినంతకే. ఫలానా రోజు, ఫలానా పని, ఫలానా మనిషికి నష్టం అని చెప్పాలి. నష్టం పూడ్చాలి. అక్కడితో ఆ లెక్క మూసేయాలి. కులమంతటి తరఫున తల వంచనక్కరలేదు, కులం పేరు అడ్డం పెట్టుకుని తప్పించుకోనూ కూడదు. రెండోది, వారానికొకసారి అందరూ కూర్చుని చదివే, వినే అలవాటు. అది ప్రార్థన కూడిక కావచ్చు, భజన కావచ్చు, యువజన సంఘం కావచ్చు. అక్షరం వచ్చిన మనిషి నలుగురి ముందు నిలబడి పైకి చదివిన రోజే, చదువు మనకు అచ్చిరాదన్న మాట చస్తుంది. మూడోది, పిడికెడు బియ్యం. ఇప్పుడది మహిళల పొదుపు సంఘాల రూపంలో మన పేటల్లో ఉంది. అప్పుకు తాకట్టుపడని ఇంటి పిల్లవాడు బడి మానడు.

వదలవలసినవి రెండు. బాగుపడటం అంటే మన భాషను, మన పనిని, మన పేరును దాచుకోవడం అన్న నమ్మకం వదలాలి. ఇంట్లో మాట్లాడే కుర్రు భాష విని సిగ్గుపడే పిల్లలు మనలో పెరుగుతున్నారు. సర్టిఫికెట్లో తప్ప నోటితో కులం పేరు చెప్పని ఉద్యోగులున్నారు. పేరు దాచుకుంటే ముద్ర పోదు, భయం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. ఇక్కడే ఇంకో సంగతి అందరికీ తెలియాలి. ఏ మతంలో ఉన్నా ఎస్టీ హోదాకు దానివల్ల నష్టం లేదు. చర్చికి పోయినంత మాత్రాన, గుడికి పోయినంత మాత్రాన ఎరుకల బిడ్డకు రావలసిన సీటు పోదు. ఈ విషయం తెలియక భయపడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

రెండోది, మనసు మారితే అన్నీ మారతాయన్న మాట. మనసు మారాలి, నిజమే. కానీ మా తాతల మనసు మారినా పట్టీలో పేరు అలాగే ఉంది. పేరు కొట్టేయించడానికి చట్టం మారవలసి వచ్చింది. ఇవాళ కూడా ప్రార్థనతో పాటు పట్టా కావాలి, కుల ధ్రువీకరణ కావాలి, అడవి నుంచి గానీ డిపో నుంచి గానీ గిట్టుబాటు ధరకు వెదురు కావాలి. చోరీ జరిగిన ప్రతిసారీ ముందు మన పేట మీదికి వచ్చే అలవాటు పోవాలి. లోపలి పని, బయటి పని రెండూ కాడికి కట్టిన ఎడ్లలాంటివి. ఒక ఎద్దుతో అరక సాగదు.

ఉపాధ్యాయులుగా మేము చూసే సంగతి ఒకటి చెప్పాలి. తరగతిలో ఏదైనా పోతే ఇప్పటికీ కొన్ని చోట్ల కళ్లు ఒకే బెంచీ వైపు తిరుగుతాయి. ఆ బెంచీలో ఉన్న పిల్లవాడు ఎవరూ అడగకముందే సంచి తీసి చూపించడానికి లేస్తాడు. చట్టం రద్దయి డెబ్బై ఏళ్లు దాటింది. ఆ చట్టం పేరు కూడా వాడు వినలేదు. అయినా హాజరు వేయించుకోవడానికి లేస్తున్నాడు. అక్కడ టీచరు చేయవలసిన పని చిన్నదే. కూర్చోరా, నిన్నెవరూ అడగలేదు అని చెప్పాలి. వెతకడం తప్పనిసరైతే అందరి సంచులూ వెతకాలి, టీచరు సంచితో మొదలుపెట్టాలి. పాపం అందరిదీ అన్న బోధనైనా, చట్టం ముందు అందరూ ఒకటే అన్న రాజ్యాంగాన్నైనా బడిలో నేర్పే పద్ధతి అదే.

మన జిల్లా సరిహద్దులు మారాయి. 2022 నుంచి నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఊళ్ల పేర్లు, జిల్లాల పేర్లు మార్చుకోగలిగినప్పుడు, మన పేరుకు ముందు ఎవరో తగిలించిన మాటను కూడా తీసేయగలం. దానికి చేయవలసిన పని ప్రతి పేటలోనూ ఉంది. బతికున్న పెద్దలను అడిగి, మన వాళ్లు ఏ బాటన ఏ సరుకు మోశారు, ఏ సంతలో ఏం అమ్మారు, ఎవరిని ఏ సెటిల్‌మెంటుకు తీసుకుపోయారు, ఎవరు మొదట బడికి పోయారు అని రాసి పెట్టాలి. నరుకుళ్లపాడు కథలో చెంచులకు పేర్లు లేవు. మన కథలో పేర్లుండాలి.

ఎరుక అంటే తెలిసి ఉండటం. ఊరి వాళ్ల రేపటి సంగతి మా అవ్వలు చెప్పారు. మా నిన్నటి సంగతి మేము చెప్పుకోవాలి. అది తెలిసిన బిడ్డ పుట్టుకతోనే దొంగనన్న మాట నమ్మడు.